ఊపిరి ముందా, గుండె ముందా: అఫ్జల్‌గంజ్ క్లోరోఫామ్ వివాదం

క్లోరోఫామ్ మత్తులో ఉన్న రోగి ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం విడిస్తే, ముందు ఊపిరి ఆగిందా, గుండె ఆగిందా? ఈ ఒక్క ప్రశ్న మీద వైద్యులు అరవై ఏళ్లకు పైగా వాదులాడుకున్నారు. ఆ వాదం కోసం జరిగిన అతి పెద్ద ప్రయోగాల్లో ఒకటి మన హైదరాబాద్‌లోనే జరిగింది. చార్మినార్ నుంచి పత్తర్‌గట్టి, మదీనా మీదుగా వచ్చి నయాపూల్ దాటితే తగిలే అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి, దాని వెంట నడిచిన హైదరాబాద్ మెడికల్ స్కూల్ అందుకు వేదికలు. ఈనాటి ఉస్మానియా ఆస్పత్రికీ ఉస్మానియా మెడికల్ కాలేజీకీ అవే పూర్వరూపాలు.

ఆ కథ ఇప్పుడు రెండు రకాలుగా వినిపిస్తోంది. నగర చరిత్ర రాసేవాళ్లకు అది నిజాం వైభవంలో ఒక ఘట్టం. మత్తువైద్య చరిత్ర రాసేవాళ్లలో చాలామందికి అది లోకాన్ని కొన్నేళ్లు పక్కదారి పట్టించిన కమిషన్. ఈ రెండు మాటలూ అసలు సంగతిని సగమే చెబుతాయి. అఫ్జల్‌గంజ్ వైద్యులు చెప్పిన కారణం తప్పు, పాటించిన పద్ధతి చాలావరకు ఒప్పు. ఆ ఒప్పు ఎందుకు ఒప్పయిందో వాళ్లకు కూడా తెలియదు. ఈ చిక్కును విప్పాలంటే మొదటినుంచీ చూసుకుంటూ రావాలి.

వివాదం ఎలా మొదలైంది

1846 అక్టోబరులో బోస్టన్‌లో ఈథర్ మత్తుతో బహిరంగంగా ఆపరేషన్ జరిగింది. మరుసటి ఏడాది నవంబరులో ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫామ్‌ను ముందుకు తెచ్చాడు. వాసన మధురం, మోతాదు తక్కువ, మంట అంటుకునే భయం లేదు. వేడి దేశాలకు ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఈథర్ 35 డిగ్రీల లోపే మరుగుతుంది, క్లోరోఫామ్‌కు 61 డిగ్రీలు కావాలి. మే నెల హైదరాబాద్‌లో ఈథర్ సీసా మూత తీయడమే ఒక సమస్య. బ్రిటిష్ ఇండియా ఆస్పత్రులన్నీ క్లోరోఫామ్ వైపు మొగ్గడంలో వింత లేదు.

మన సినిమాల్లో దుండగుడు రుమాలు ముక్కుకు అదమగానే మనిషి పడిపోతాడు. నిజంగా అలా జరగదు, మత్తు పూర్తిగా ఎక్కడానికి నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లోనే ప్రమాదమంతా ఉందన్న సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది.

1848 జనవరి 28న ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ దగ్గర హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి కాలిగోరు తీయించుకోబోయి, క్లోరోఫామ్ పీల్చిన కాసేపటికే చనిపోయింది. చిన్న ఆపరేషన్, ఆరోగ్యమైన పిల్ల. తర్వాత కూడా ఇలాంటి చావులే వరసగా బయటపడ్డాయి. పెద్ద ఆపరేషన్లలో కన్నా పన్ను పీకడం, వేలు సరిచేయడం లాంటి చిల్లర పనుల్లో మనుషులు పోవడం వైద్యులకు అంతుపట్టలేదు.

రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఎడింబరోలో జేమ్స్ సైమ్, ఆయన అల్లుడు జోసెఫ్ లిస్టర్ ఊపిరిని నమ్మారు: నాడి సంగతి వదిలేయండి, శ్వాస సరిగ్గా ఉందో లేదో చూడండి, నాలుక వెనక్కి పడకుండా చూసుకోండి. లండన్‌లో జాన్ స్నో దారి వేరు. విక్టోరియా రాణికి 1853లో కాన్పు సమయంలో క్లోరోఫామ్ ఇచ్చింది ఆయనే. 1858లో వెలువడిన తన పుస్తకంలో 50 మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, ఆవిరి గాఢత పెరిగితే గుండె నేరుగా స్తంభించిపోతుందని తేల్చాడు. ఆయన తర్వాత వచ్చిన జోసెఫ్ క్లోవర్ మత్తు ఇస్తున్నంతసేపూ వేలు నాడి మీదే ఉంచేవాడు. 1880లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ నియమించిన గ్లాస్గో కమిటీ కూడా క్లోరోఫామ్ రక్తపోటును ఎప్పుడు ఎలా పడగొడుతుందో చెప్పలేమనీ, గుండెకు ముప్పుందనీ చెప్పింది. లండన్ పక్షం గెలిచినట్టే కనిపించింది.

అఫ్జల్‌గంజ్‌కు వచ్చిన తగువు

హైదరాబాద్ మెడికల్ స్కూల్ 1846లో నిజాం నాసిరుద్దౌలా కాలంలో మొదలైంది. పాఠాలు ఉర్దూలో, ఉత్తీర్ణులకు ఇచ్చే పట్టా పేరు హకీం. 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చిన ఎడ్వర్డ్ లారీ ఆ స్కూలు బాధ్యత కూడా తీసుకున్నాడు. ఆయన ఎడింబరోలో చదివినవాడు, సైమ్ శిష్యుడు. గురువు మాట మీద గురి ఎంతంటే, తన ఆపరేషన్ గదిలో క్లోరోఫామ్ ఇచ్చేవాళ్లు నాడి పట్టుకోవడాన్ని ఒప్పుకునేవాడు కాదు.

1888లో ఆయన ప్రోద్బలంతో మొదటి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ ఏర్పడింది. కుక్కలకు క్లోరోఫామ్ ఇచ్చి, ఏది ముందు ఆగుతుందో చూశారు. ప్రతిసారీ ఊపిరే ముందు ఆగిందని తేల్చారు. మరుసటి ఏడాది స్కూలు బహుమతి ప్రదానోత్సవంలో డ్యూక్ ఆఫ్ కనాట్ ఎదుట లారీ ఈ సంగతి ప్రకటించాడు. లండన్‌లోని ‘లాన్సెట్’ పత్రిక నమ్మలేదు. గుండె ఆగి పోయిన రోగులను కళ్లారా చూసిన వైద్యులు ఇంతమంది ఉండగా కుక్కల మీద ప్రయోగం ఎలా చెల్లుతుందని అడిగింది.

అప్పుడు లారీ వేసిన అడుగు ఆ కాలానికి అసాధారణమైనది. మీ మనిషినే పంపండి, ఆయన కళ్లముందే మళ్లీ చేస్తాం అన్నాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఖర్చుల కింద 1000 పౌండ్లు ఇచ్చింది. అప్పుడు ప్రధాని అస్మాన్ జా. లాన్సెట్ తరఫున వచ్చినవాడు థామస్ లాడర్ బ్రంటన్, ఔషధశాస్త్రంలో పేరు మోసినవాడు. పైగా గుండె పక్షం మనిషి. విమర్శకుడినే పిలిపించి, అతని చేతికే పరికరాలు అప్పగించడం లారీ చేసిన మంచి పని. ఆ తర్వాత ఆయన ఎన్ని పొరపాట్లు చేసినా ఈ ఒక్కదానికి గౌరవం ఇవ్వాలి.

రెండో కమిషన్ 1889 అక్టోబరులో పని మొదలుపెట్టింది. అధ్యక్షుడు లారీ. బ్రంటన్, జెరాల్డ్ బామ్‌ఫర్డ్‌లతో పాటు డాక్టర్ రుస్తంజీ కూడా సభ్యుడు. ఆ ఏడే హకీం పట్టా అందుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి తర్వాత హైదరాబాద్ ఆస్పత్రుల్లో దశాబ్దాల పాటు క్లోరోఫామ్ ఇచ్చింది. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలిగా ఆమెను చెప్పుకునేవాళ్లున్నారు. స్కూలు చేతల్లో నేర్పిన విద్య ఎలాంటిదో తెలుసుకోవాలంటే కమిషన్ నివేదిక కన్నా ఆమె జీవితమే మంచి సాక్ష్యం.

మసి కాగితం మీద రెండు గీతలు

ప్రయోగం తీరు ఇది. జంతువు మెడలోని ధమనిలోకి గొట్టం పెట్టి, దాన్ని పాదరసం ఉన్న గాజు గొట్టానికి కలుపుతారు. రక్తపోటు మారినప్పుడల్లా పాదరసం లేచి పడుతుంది, దాని మీద తేలే పుల్ల ఒక సన్నని మొనను కదుపుతుంది. ఎదురుగా మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము నెమ్మదిగా తిరుగుతుంటుంది. మొన తగిలినచోట మసి చెరిగి తెల్లటి గీత పడుతుంది. ఇంకో మొన శ్వాసను గీస్తుంది. కైమోగ్రాఫ్ అంటే ఇదే. క్లోరోఫామ్ ఎక్కువయ్యేకొద్దీ రక్తపోటు గీత కిందికి వాలుతుంది. ఒకచోట శ్వాస గీత చదునవుతుంది. ఆ తర్వాత కూడా రక్తపోటు గీత మీద చిన్న చిన్న అలలు కాసేపు కనిపిస్తాయి. ఊపిరి ఆగాక కూడా గుండె కొట్టుకుంటోందన్నమాట.

బ్రంటన్ ఈ గీతలు చూసి మనసు మార్చుకున్నాడు. 490 కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ల మీద ప్రయోగాలు చేశామనీ, అపాయం ఊపిరాడకపోవడం వల్లా మితిమీరిన మోతాదు వల్లా వస్తుంది తప్ప గుండె మీద నేరుగా రాదనీ లండన్‌కు తంతి పంపాడు. లాన్సెట్ ఆ తంతిని, తర్వాత నివేదికను అచ్చువేసింది. రెండు కమిషన్ల నివేదికలు కలిపి 1891లో బొంబాయిలో పుస్తకంగా వచ్చాయి.

కమిషన్ చెప్పిన ఆచరణ సూత్రాలను విడిగా చూడాలి. రోగిని పడుకోబెట్టే ఇవ్వాలి. మెడ, ఛాతీ, పొట్ట దగ్గర బట్టలు వదులు చేయాలి. దూది పెట్టిన తెరచిన టోపీతో, గాలి ధారాళంగా ఆడేలా పీల్పించాలి. క్లోరోఫామ్ ఇచ్చేవాడి చూపు శ్వాస మీదే ఉండాలి. స్పర్శ పూర్తిగా పోయేదాకా, అంటే కంటి పాప మీద వేలు తాకించినా రెప్ప పడని స్థితి వచ్చేదాకా, సర్జన్ కత్తి పట్టకూడదు. ఊపిరి తడబడితే దవడ ముందుకు లాగాలి. ఆగితే క్షణం ఆలస్యం చేయకుండా కృత్రిమ శ్వాస ఇవ్వాలి. కత్తి పట్టకూడదన్న ఆ నియమాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

వ్యతిరేకుల ప్రయోగాలు

అవే గీతల్ని వ్యతిరేకులు వేరేగా చదివారు. రక్తపోటు అంతగా పడిపోతుంటే గుండె బాగానే ఉందని ఎలా అంటారన్నది వాళ్ల ప్రశ్న. రక్తపోటు పడడం రక్షణేననీ, దానివల్ల మందు మెదడుకు తక్కువ చేరుతుందనీ లారీ పక్షం వాదించింది.

కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ 1893లో ఒక నేర్పయిన ప్రయోగం చేశారు. రెండు జంతువుల రక్తనాళాలను కలిపి, ఒకదాని మెదడుకు మాత్రమే క్లోరోఫామ్ చేరేలా, తర్వాత మెదడు తప్ప మిగతా ఒంటికి చేరేలా ఏర్పాటు చేశారు. మెదడుకు చేరినప్పుడు రక్తపోటు పడలేదు. గుండెకు చేరినప్పుడు పడింది. క్లోరోఫామ్ గుండెనే నేరుగా బలహీనపరుస్తుందనడానికి ఇది గట్టి ఆధారం. అబర్డీన్‌లో జాన్ మెక్‌విలియం ఈ మందుకు గుండె ఉబ్బిపోవడం చూపించాడు. మెల్‌బోర్న్‌లో ఎంబ్లీ 1902లో ఇంకో దారి చూపాడు: మొదట్లోనే ఘాటైన ఆవిరి తగిలితే వేగస్ నాడి గుండెకు కళ్లెం వేసి ఆపేయగలదు. అటు ఆగస్టస్ వాలర్ తదితరుల పనితో గాఢత లెక్కలు గట్టిపడ్డాయి. వెర్నన్ హార్‌కోర్ట్ చేసిన పరికరం ఆవిరిని 2 శాతం దాటనిచ్చేది కాదు.

అసలు మలుపు 1911లో వచ్చింది. గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన పనిలో ఎవరూ అనుకోనిది బయటపడింది. ముంచుకొచ్చేంత మత్తులో కన్నా తేలిక మత్తులోనే గుండెకు ఎక్కువ ముప్పు. అప్పుడు భయం వల్లో నొప్పి వల్లో ఒంట్లో ఎడ్రినలిన్ పెరిగితే, లేదా సూదితో ఎక్కిస్తే, గుండె కింది గదుల్లోని కండరాలు ఒక్క లయలో ముడుచుకోవడం మాని దేనికవి వణకడం మొదలుపెడతాయి. వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటే ఇదే. రక్తం కదలదు, క్షణాల్లో ప్రాణం పోతుంది. ఇలాంటి వణుకు మనుషుల్లో ఆకస్మిక మరణానికి కారణం కావచ్చని మెక్‌విలియం 1889లోనే రాశాడు. అది బ్రంటన్ హైదరాబాద్ వచ్చిన ఏడే. కానీ ఆ రెండు దారులు కలవడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

చిన్న ఆపరేషన్లలోనే ఎక్కువమంది ఎందుకు పోయారన్న పాత చిక్కు దీనితో విడిపోయింది. గోరు తీయడానికి ఇంత మత్తు చాలులే అని తేలిగ్గా ఇచ్చి, వణికిపోతున్న రోగి మీద కత్తి పెట్టడమే అపాయం.

మూడు వాదాలు పక్కపక్కన పెడితే

ఎడింబరో, హైదరాబాద్ పక్షానికి మరణ కారణం శ్వాస ఆగడం. కనుక చూపు శ్వాస మీద, మత్తు పూర్తిగా, ఊపిరి ఆగితే వెంటనే కృత్రిమ శ్వాస. మోతాదు కొలవాల్సిన అవసరం పెద్దగా లేదని నమ్మారు, దెబ్బతిన్నది ఇక్కడే. లండన్, గ్లాస్గో పక్షానికి కారణం గాఢమైన ఆవిరి వల్ల గుండె కుంగడం. కనుక వేలు నాడి మీద, ఆవిరి కొలిచి, వీలైనంత తక్కువగా. ‘వీలైనంత తక్కువ’ అన్న జాగ్రత్తే లెవీ చూపిన ప్రమాదంలోకి రోగిని నెట్టగలదని వాళ్లకు తట్టలేదు. లెవీ వాదంలో రెండిటికీ చోటుంది: ఎక్కువైతే శ్వాస, రక్తపోటు పోతాయి. తక్కువై, తడవతడవలుగా ఇస్తే గుండె లయ పోతుంది.

ఈ మూడిటిని కలిపి చూస్తే అఫ్జల్‌గంజ్ ఆపరేషన్ గది రహస్యం కొంత విడుతుంది. స్పర్శ పోయేదాకా కత్తి పట్టకూడదన్న నియమం లెవీ చెప్పిన ముప్పు నుంచి రోగిని కాపాడి ఉండాలి. చూపు శ్వాస మీద ఉంచడం అధిక మోతాదు నుంచి కాపాడింది. లారీ తన రోగుల క్షేమాన్ని తన సిద్ధాంతానికి రుజువుగా చూపాడు. ఆ క్షేమం నిజమే కావచ్చు, అది రుజువు చేసింది మాత్రం సిద్ధాంతాన్ని కాదు, క్రమశిక్షణను. ఆయన మాట పట్టుకుని నాడిని పూర్తిగా వదిలేసిన ఇతర చోట్ల వైద్యులకు ఆ క్రమశిక్షణ లేకపోతే ఏమవుతుంది? ఈ కారణం చేతే కమిషన్ తీర్మానాన్ని హానికరమైనదనడానికి నేను వెనకాడను.

ఇంకా తేలనివి

హానా గ్రీనర్ చావు ఇప్పటికీ తేలలేదు. గుండె లయ తప్పి పోయిందని లెవీ తర్వాతివాళ్లు చాలామంది అంటారు. స్పృహలేని పిల్ల నోట్లో నీళ్లు, బ్రాందీ పోశారు కాబట్టి అవి ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటాయని మరికొందరంటారు. రెండిటికీ ఆధారాలున్నాయి, తీర్పు చెప్పగలిగినన్ని మాత్రం లేవు.

వందల జంతువుల్లో హైదరాబాద్ కమిషన్‌కు ఆ వణుకు ఎందుకు కనబడలేదన్నది రెండోది. పాదరసం బరువైనది, వేగమైన మార్పుల్ని సరిగా గీయలేదు. గుండె విద్యుత్తును గీసే ఈసీజీ పరికరాన్ని ఐంటోవెన్ తయారుచేసింది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో. పైగా కమిషన్ చాలావరకు చూసింది గాఢమైన మత్తునే. భయపడుతున్న మనిషికి అరకొరగా మందిచ్చే పరిస్థితిని వాళ్లు ప్రయోగంలోకి తేనేలేదు. నా అంచనాలో ఈ చివరి కారణమే బలమైనది. కుక్కను చంపేదాకా మందు ఇచ్చి ఏది ముందు ఆగిందో చూస్తే, ఆ ప్రశ్నకు తగ్గ జవాబే వస్తుంది. ఆస్పత్రిలో మనుషులు చనిపోయిన తీరు వేరు.

వేడి వల్ల తెరచిన టోపీలోంచి ఆవిరి గాలిలో కలిసిపోయి, ఇక్కడి రోగులకు ఘాటు తక్కువగా అందిందన్న వాదన మూడోది. వినడానికి సబబుగా ఉంది కానీ కొలతలు లేకుండా తేల్చలేం.

నైతిక ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. బ్రిటన్‌లో 1876 నుంచి జంతు ప్రయోగాలకు లైసెన్సు కావాలి. ఆ చట్టం హైదరాబాద్‌కు వర్తించదు. అన్ని జంతువుల మీద అంత త్వరగా ప్రయోగాలు సాగడానికి నిజాం డబ్బు ఎంత కారణమో, అడిగేవాళ్లు లేకపోవడం కూడా అంతే కారణం. స్కూలుకు పెద్ద, సర్జన్, వాదంలో ఒక పక్షానికి నాయకుడు, కమిషన్ అధ్యక్షుడు ఒక్కడే కావడాన్ని కూడా ఇవాళ ఏ పరిశోధనా సంఘం ఒప్పుకోదు. బయటి నిపుణుడిని పిలిచినంత మాత్రాన ఆ లోపం తీరదు, ఎందుకంటే ప్రశ్న రూపం అంతకుముందే ఖాయమైపోయింది.

మందు పోయాక

క్లోరోఫామ్‌ను చివరికి దించేసింది గుండె, ఊపిరి వాదం ఒక్కటే కాదు. మత్తు దిగిన కొన్ని రోజులకు కాలేయం దెబ్బతిని పిల్లలు చనిపోవడాన్ని లెనర్డ్ గుత్రీ 1894లో గుర్తించాడు. ఆ మరణాలు ఏ కైమోగ్రాఫ్ మీదా పడేవి కావు. 1956లో వాడుకలోకి వచ్చిన హాలోథేన్‌కు కూడా ఎడ్రినలిన్‌తో గుండె లయ చెదిరే గుణం ఉంది కాబట్టి, లెవీ పాఠం ఇంకో తరానికి పనికొచ్చింది. ఇప్పుడు ఆపరేషన్ గదిలో ఈసీజీ తెర ఒకపక్క, రక్తంలో ఆక్సిజన్‌నూ వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌నూ కొలిచే పరికరాలు ఇంకోపక్క ఉంటాయి. నాడి కావాలా, ఊపిరి కావాలా అని ఎవరూ ఎంచుకోనక్కర్లేదు.

అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి 1908 సెప్టెంబరు 28 మూసీ వరదలో దెబ్బతింది. ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారు. ఏటా ఆ రోజున ఆ చెట్టు కింద వరద మృతుల్ని తలుచుకుంటారు. అదే ఆవరణ పేరుతో ప్రపంచ వైద్య పత్రికల్లో దశాబ్దాలు సాగిన చర్చను తలుచుకునే రోజంటూ లేదు. మెడికల్ స్కూలు ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చి ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది, ఇప్పుడు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిధిలో ఉంది. ఆస్పత్రికి గోషామహల్‌లో కొత్త భవనం కట్టేందుకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది.

ఆ కొత్త భవనంలోకి సామాన్లు మార్చే ముందే చేయాల్సిన పని ఒకటుంది. 1891 నాటి నివేదికను కాళోజీ విశ్వవిద్యాలయం మళ్లీ అచ్చువేయాలి, తెలుగు, ఉర్దూ అనువాదాలతో. గాస్కెల్, షోర్ ప్రయోగాన్నీ లెవీ వ్యాసాన్నీ దాని వెనకే చేర్చాలి. ఉస్మానియాలో మత్తువైద్యం చదివే పీజీ విద్యార్థి మొదటి ఏడాదిలోనే ఈ మూడింటినీ వరసగా చదివేలా చూడాలి.